పొద్దు ఇంట్లకొచ్చే కాలం

నాలుగు రోజులు ముసురు పట్టిందంటే ఏ పనీ తోచదు, ఏ పుస్తకమూ పేజీ తిరగదు. మరి ఇంట్లోనే కూర్చుని బొమ్మలు రాసేవాళ్లు, మగ్గం నేసేవాళ్లు, పద్యాలు అల్లినవాళ్లు ఈ ఓరుగల్లు గడ్డ మీద చలికాలాన్ని ఎట్లా దాటారు? వెలుగు కోసం వాళ్లు ఎక్కడ కూర్చున్నారు?

బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట టీవీలో వినపడగానే వరంగల్‌లో ముందుగా ఉలిక్కిపడేది ఎనుమాముల మార్కెట్టు. పత్తి బస్తాల మీదికి, కల్లాల్లో ఆరబోసిన వడ్ల మీదికి టార్పాలిన్లు పరుగెత్తుతాయి. ఆ తర్వాత వంతు ఇళ్లది. దండెం మీది బట్టలు లోపలికి వస్తాయి, కిటికీలు మూతపడతాయి, పట్టపగలే ట్యూబులైట్లు వెలుగుతాయి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే అయినా, దాని మబ్బు మన దాకా వచ్చింది. 2025 అక్టోబరు చివర్లో వచ్చిన మొంథా తుపాను, మబ్బుతో సరిపెట్టకుండా హనుమకొండ, వరంగల్ కాలనీలను ముంచి పోయింది. వానలు వెనక్కి తగ్గాక పుష్యమాసం మంచు మొదలవుతుంది. తెల్లారి ఏడయినా భద్రకాళి చెరువుకు అవతలి గట్టు ఆనవాలు దొరకదు. కాజీపేట మీదుగా పోయే రైళ్లు ఆలస్యమవుతాయి. సంక్రాంతికి చంకలెత్తనీయని చలి అని పెద్దలు అన్నది ఊరికే కాదు.

ఈ రోజుల్లో ప్రతి ఇంట్లో వినిపించే మాట ఒకటుంది: ఏం తోస్తలేదు. కుట్టుమిషన్ మీద సగం కుట్టిన జాకెట్టు అట్లనే ఉంటుంది. డైరీ మొదలుపెట్టిన కుర్రాడు మూడో పేజీ దగ్గర ఆగిపోతాడు. నెపమంతా ఆకాశం మీదికి పోతుంది.

నిజం చెప్పాలంటే ఆకాశం మీద అంత నేరం మోపడం న్యాయం కాదు. వరంగల్ ఉన్నది దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఏడాదిలో అన్నిటికన్నా చిన్న పగలు, డిసెంబరు 21 లేదా 22న వచ్చేది కూడా ఇక్కడ 11 గంటలకు తగ్గదు. అదే రోజు లండన్‌లో పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. చికాగోలో సాయంత్రం నాలుగున్నర కాకముందే పొద్దు గూకుతుంది, మన పిల్లలు చీకట్లో ఇల్లు చేరతారు. వాళ్లతో పోలిస్తే మనం వెలుగులో కోటీశ్వరులం. కాకపోతే ఆ సొమ్ము ఇంట్లో ఏ మూలన పడుతున్నదో చూసుకోం.

దక్షిణం నుంచి వచ్చే చుట్టం

చలికాలంలో పొద్దు చేసే ఒక పని మన ఇళ్లలో చాలామంది గమనించరు. మే నెల నడుమ సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు, ఆగస్టు మొదట్లో మరోసారి. ఆ రెండు తేదీల నడుమ నడినెత్తిని దాటి కొంచెం ఉత్తరానికి కూడా జరుగుతాడు. డిసెంబరు చివరికి వచ్చేసరికి పూర్తిగా దక్షిణానికి వాలిపోతాడు. పన్నెండు గంటలప్పుడు కూడా 48, 49 డిగ్రీల ఎత్తు దాటడు. అంటే ఎండ పైనుంచి పడడం మానేసి పక్కనుంచి వస్తుంది. దక్షిణం దిక్కు ఏడడుగుల దర్వాజ ఒకటి తెరిచి ఉంటే, నడి మధ్యాహ్నం ఆ ఎండ గడప దాటి ఆరడుగులు లోపలికి నడిచి వస్తుంది. దర్వాజ మీద రెండడుగుల సజ్జ ఉంటే నాలుగడుగులు. మే నెలలో ఇదే దర్వాజ దగ్గర ఆ సమయానికి ఎండ గడప కూడా దాటదు. ఇల్లంతా వేడితో ఉడుకుతున్నా, నేల మీద వెలుగు మరక ఉండదు.

అంటే ఏడాది మొత్తంలో పొద్దు ఇంట్లోకి వచ్చి కూర్చునేది మనం మబ్బుకాలం అని విసుక్కునే ఈ మూడు నెలల్లోనే. వచ్చే దిక్కేమో దక్షిణం. మనమేమో ఇల్లు కట్టేటప్పుడు తూర్పుకు, ఉత్తరానికి దర్వాజలు, కిటికీలు పెట్టుకుని దక్షిణాన్ని వీలైనంత గోడతో మూసేస్తాం. వాస్తు పండితులతో తగువు పెట్టుకునే ఉద్దేశం ఈ వ్యాసానికి లేదు. పైగా వాళ్లు అడిగే ఉత్తరపు కిటికీ చిత్రకారులకు పెద్ద వరం. చలికాలంలో దాని గుండా నేరుగా ఎండ పడదు కాబట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెలుగు పెద్దగా మారదు, బొమ్మ మీద నీడలు కదలవు. యూరప్ చిత్రకారులు ఏరికోరి ఉత్తరం దిక్కు వెలుగున్న గదుల్లో పని చేసింది అందుకే. కానీ ఒళ్లు కాచుకోవడానికైనా, మనసు తేరుకోవడానికైనా చలికాలంలో దక్షిణం తెరిపి ఉండాలి. లేనివాళ్లకు డాబా ఉంది, మెట్ల మలుపు ఉంది. అపార్టుమెంటులో బట్టలారేసే బాల్కనీ కొన్నిసార్లు దక్షిణం వైపు ఉంటుంది. అక్కడ ఒక కుర్చీ పట్టదా?

పాతకాలపు భవంతి ఇళ్లకు ఈ చిక్కు లేదు. నడుమ ఆకాశానికి తెరిచిన వాకిలి, చుట్టూ నాలుగు దిక్కులా పసారాలు. పొద్దు ఏ దిక్కున వాలినా ఏదో ఒక పసారా మీద ఎండ ఉండేది. ముసలమ్మలు దానితో పాటు పీట జరుపుకుంటూ పోయేవాళ్లు. ముసురు రోజున కూడా ఆ నడిమి వాకిలి ఇంటిల్లిపాదికీ వెలుగు పంచేది. అంత ఇల్లు లేనివాళ్లు గూనపెంకుల నడుమ ఒక గాజు పెంకు పెట్టించుకునేవాళ్లు. వంటింట్లో పొయ్యి ముందు చేయెడు వెలుగు పడడానికి అది చాలు. ఈ ఇళ్లనూ, వాటి దర్వాజలనూ, అరుగులనూ, జాజు పూసిన గోడలనూ కెమెరాలో దాచిపెట్టినవారు వరంగల్‌లో పుట్టిన ఛాయాచిత్రకారుడు గుడిమళ్ల భరత్ భూషణ్. 2022 జనవరిలో ఆయన కన్నుమూశారు. ఆ బొమ్మల్లో ఉన్న చాలా ఇళ్లు ఇప్పుడు లేవు. ఫొటో తీసేవాళ్లెవరినైనా అడగండి, మబ్బు రోజును ఎందుకు ఇష్టపడతారో చెబుతారు. నిప్పులు కక్కే ఎండలో ముఖం సగం తెల్లగా పాలిపోతుంది, సగం నల్లటి నీడలో మునిగిపోతుంది. మబ్బు ఆ వెలుగును నలుదిక్కులకూ చెదరగొట్టి పంపుతుంది కాబట్టి ముఖంలో ప్రతి ముడతా, గోడ మీద ప్రతి పగులూ విడివిడిగా కనిపిస్తాయి. మబ్బు పట్టిన రోజున లోకానికి రంగు పోతుందని అనుకుంటాం. వాన తడికి నానిన జాజు గోడను ఆ రోజున ఒకసారి చూడండి. ఎండలో వెలిసినట్టు కనిపించిన ఎరుపు అప్పుడు ఎంత చిక్కగా ఉంటుందో!

కన్ను చేసే మోసం

వెలుగును కొలిచే లెక్కను లక్స్ అంటారు. మండు వేసవి ఎండలో అది లక్ష దాకా ఉంటుంది. పూర్తిగా మబ్బు పట్టిన పగటిపూట ఆరుబయట కొన్ని వేల నుంచి పది వేల దాకా. మన హాల్లో ట్యూబులైటు కింద? నూటికీ మూడు నూర్లకూ నడుమ. అంటే ముసురు పట్టిందని తలుపేసుకుని, లైటేసుకుని కూర్చున్నామంటే, బయట ఉన్న వెలుగులో పదో వంతు కంటే తక్కువలోకి, ఒక్కోసారి ముప్పయ్యో వంతులోకి మనంతట మనమే వచ్చి పడ్డామన్నమాట. ఇంత తేడా ఉన్నా మనకు తెలియదు. కంటిపాప పెద్దదై, లోపలి తెర సర్దుకుని గది వెలుగుగానే ఉన్నట్టు చూపిస్తుంది. కంటిని నమ్మించవచ్చు గానీ, ఒంట్లో నిద్రకూ మెలకువకూ లెక్క చూసే గడియారాన్ని అంత తేలికగా నమ్మించలేం. దానికి పొద్దుటి పూట గట్టి వెలుగు తగలాలి.

చలి దేశాల్లో ఈ సంగతిని వైద్యులు జబ్బు కిందే లెక్కేశారు. ఏటా చలికాలం రాగానే దిగులు, అతినిద్ర, దేని మీదా మనసు పోకపోవడం, వసంతం రాగానే అవి తగ్గిపోవడం: ఈ తీరును అమెరికాలో నార్మన్ రోజెంతాల్ బృందం 1984లో వివరించి చెప్పింది. దానికి వాడే మందుల్లో ఒకటి అచ్చంగా వెలుగే. పదివేల లక్స్ దీపప్పెట్టె ముందు పొద్దున్నే అరగంట కూర్చోమంటారు. డెట్రాయిట్, సియాటెల్, టొరంటో లాంటి చోట్ల చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన ఊరి పిల్లలు కొందరికి ఇది తెలిసిన వస్తువే. వరంగల్ నిట్ 1959లో రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీగా పుట్టిన నాటి నుంచీ ఈ ఊరు చలి దేశాలకు పిల్లలను పంపుతూనే ఉంది. వాళ్లు డబ్బు పోసి కొనుక్కునే ఆ పదివేల లక్స్ ఇక్కడ ఒక్కోసారి మబ్బు రోజున కూడా మన డాబా మీద ఉచితంగా పడి ఉంటుంది. ఉక్కిరిబిక్కిరి చేసే దిగులు వారాల తరబడి వదలకపోతే మాత్రం డాబా ఎక్కి ఊరుకోవద్దు, వైద్యుల దగ్గరికి పోవాలి.

జనవరిలో పొద్దున లేవడం డిసెంబరు కన్నా కష్టంగా ఉందని ఎవరైనా అంటే బద్ధకమని కొట్టిపారేయకండి. అందులో ఖగోళం చేయి కూడా ఉంది. అతి చిన్న పగలు డిసెంబరులో వచ్చినా, సాయంత్రం అన్నిటికన్నా తొందరగా చీకటి పడేది నవంబరు చివరి వారాల్లోనే. పొద్దు అన్నిటికన్నా ఆలస్యంగా పొడిచేది సంక్రాంతి దాటాక. భూమి వంపు వల్లా, సూర్యుడి చుట్టూ అది తిరిగే దారి నిండు గుండ్రం కాకపోవడం వల్లా ఈ తిరకాసు. పండగ నాటికి సాయంత్రాలు కొంచెం సాగినట్టే ఉంటాయి, తెల్లవారుజాములు మాత్రం ఇంకా వెనక్కి పోతూనే ఉంటాయి.

మసిలోంచి మొదలైన బొమ్మ

ఇక అసలు సంగతికి వద్దాం. ఇంట్లోనే పుట్టి, ఇంట్లోనే పెరిగి, లోకం మీదికి పోయిన కళ మన పక్కనే ఉంది. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది గానీ 2016 దాకా వరంగల్ జిల్లాదే. అక్కడ గుడ్డ మీద కథల పటాలు రాసే నకాశీ కుటుంబాలకు స్టూడియో అంటూ వేరే ఏదీ ఉండదు. వంట ఒక గదిలో, పటం పక్క గదిలో. కుండ పక్కనే రంగు చిప్ప.

పటం రాయడానికి ముందు బట్టను సిద్ధం చేయడమే పెద్ద పని. ఖద్దరు గుడ్డ మీద గంజి, తెల్ల సుద్ద, చింతగింజల అంబలి, తుమ్మ జిగురు కలిపిన పూత వేస్తారు. అది ఆరాలి, మళ్లీ పూయాలి, మళ్లీ ఆరాలి. ఇక్కడే ముసురు అడ్డం పడుతుంది. తడి గాలిలో పూత సరిగ్గా ఆరకపోతే బట్ట చుట్టినప్పుడు పగుళ్లు బారుతుంది. ఒక పటం 40 అడుగులకు పైగా సాగుతుంది, దాని బతుకంతా చుట్టడం, విప్పడమే. కథ చెప్పేవాళ్లు ఊరూరా తిరిగి దాన్ని విప్పుతూ ఒక్కో గడిని చూపిస్తూ కులపురాణాలు పాడేవాళ్లు. అందుకని పూత విషయంలో తొందర కుదరదు. ఎండ లేని రోజుల్లో ఇంట్లో వేరే పనులు నడుస్తాయి. చింతగింజలు నానబెట్టి నూరడం, రంపపు పొట్టును ఆ ముద్దతో కలిపి బొమ్మలూ ముఖాలూ చేయడం, ఉడుత వెంట్రుకలతో కుంచెలు కట్టుకోవడం.

రంగులు ఎక్కడివని అడిగితే పాత జాబితా ముచ్చటగా ఉంటుంది. తెలుపు గవ్వల పొడి నుంచి, పసుపు పేవుడి రాయి నుంచి, ఎరుపు ఇంగిలీకం నుంచి, నీలం నీలిమందు నుంచి. నలుపు దీపపు మసి నుంచి. నూనె దీపం మీద మట్టి చిప్ప బోర్లించి, పట్టిన మసిని గీకి, జిగురుతో కలిపితే చేర్యాల బొమ్మకు కళ్లూ, కనుబొమలూ, చుట్టుగీతలూ వస్తాయి. చీకటి రాత్రుల్లో ఇల్లు వెలిగించిన దీపమే మర్నాడు బొమ్మకు ప్రాణం పోసే గీత అయిందన్నమాట. ఈ మసి సంగతి తెలిసినప్పటి నుంచి చేర్యాల పటం ముందు నిలబడితే చూపు నేరుగా ఆ నల్ల గీతల మీదికే పోతున్నది. ఇప్పుడు చాలామంది దుకాణం రంగులు వాడుతున్నారు, అది వేరే ముచ్చట.

పాత పద్ధతి పటం వెనకతలం చిక్కని ఎరుపే. ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. రాత్రిపూట దివిటీ వెలుగులో దూరం నుంచి చూసే జనానికి ఆ ఎరుపు మీద పచ్చని, నీలి బొమ్మలు ఎగసి వచ్చినట్టు కనబడి ఉంటాయని నా ఊహ. తక్కువ వెలుగులో చూడవలసిన బొమ్మను తక్కువ వెలుగుకు తగ్గట్టే రాసుకున్నారేమో.

కిటికీ పక్క మగ్గం

చేర్యాల నుంచి నగరంలోకి వస్తే నేతకారుల కొత్తవాడ. వరంగల్ తివాచీలు 1851లో లండన్ మహాప్రదర్శన దాకా పోయాయి. హైడ్ పార్కులో ఆ ప్రదర్శన కోసం కట్టిన భవనం ఇనుప చట్రాల నడుమ గాజుతో నిలిచింది. వెలుగుకు మొహం వాచిన ఊరివాళ్లు వెలుగు కోసమే కట్టుకున్న ఇంట్లో మన ఊరి నేత పరుచుకుందన్న ఊహ నాకు భలే సరదాగా ఉంటుంది. తివాచీల వైభవం పోయింది. 1934లో మొదలైన అజంజాహి మిల్లు కూడా మూతపడింది. మిగిలింది కొత్తవాడ జంపఖానా, షత్రంజీ. 2018లో వరంగల్ దుర్రీ పేరుతో వీటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

అక్కడి ఇళ్లలో మగ్గానికి చోటు ముందు, మనుషులకు తర్వాత. గుంతమగ్గం తవ్వినచోటే గోడకు కిటికీ. నేసే మనిషి కళ్లు ఎప్పుడూ పడుగు పోగుల మీదే ఉండాలి. తెగిన పోగు కనిపించకపోతే బారెడు నేశాక గానీ తప్పు తెలియదు. ముసురులో గంజి పెట్టిన పడుగు ఆరదు, వీధిలో సాగదీసి సరిచూసుకునే పనికి వాన అడ్డు. అప్పుడు ఇంట్లో ఆడవాళ్లు కండెలు చుట్టుకుంటారు, మగవాళ్లు తర్వాతి జంపఖానాకు ఏ గీత పక్కన ఏ రంగు అన్న లెక్క చూసుకుంటారు. రంగు చూసుకోవాలంటే మాత్రం గడప దాకా రావలసిందే. రెండు ఎరుపులు ట్యూబులైటు కింద ఒకటే అనిపించి, పగటి వెలుగులో కవలలు కారని తేలిపోతాయి. ఆ దీపం నుంచి వచ్చే వెలుగులో అన్ని రంగులూ సమానంగా ఉండకపోవడం దీనికి కారణం. వరంగల్ చౌరస్తా బట్టల దుకాణాల్లో చీర కొనే ఆడవాళ్లు దాన్ని భుజాన వేసుకుని దుకాణం దర్వాజ దాకా నడిచి చూసేది ఇందుకే. ఆ నాలుగడుగుల నడకలో ఉన్న భౌతికశాస్త్రం మీద ఎవరూ వాళ్లకు పాఠం చెప్పనక్కర్లేదు.

కళ అనే పేరు చెప్పి కూలి సంగతి దాటేయడం మన ఆదివారం కథనాలకున్న పాత జబ్బు. కొత్తవాడలో మగ్గాలు తగ్గుతున్నాయి, నేసే చేతులకు వయసు మీదపడుతున్నది, నేతతో ఇల్లు గడవక వేరే పనులకు పోయినవాళ్లు ఎందరో. వాళ్ల కిటికీ వెలుగును మెచ్చుకుని, వాళ్లు నేసిన షత్రంజీ బదులు ప్లాస్టిక్ చాప కొనుక్కునేవాళ్లకు ఈ అందం గురించి మాట్లాడే హక్కు కొంచెం తక్కువే.

అయినా కొత్తవాడ, చేర్యాల ఇళ్లలో నేర్చుకోదగ్గ విషయం ఒకటుంది. వాళ్లెవరూ పొద్దున లేచి ఇవాళ ఏం చేద్దామా అని ఆలోచించరు. మగ్గం మీద సగం నేసిన జంపఖానా ఉంటుంది. గోడకు సగం రాసిన పటం ఉంటుంది. వెలుగు పడేచోట, కళ్లెదుట, నిన్న ఆపినచోటే పని వాళ్ల కోసం చూస్తుంటుంది. మనసు కుదిరినా కుదరకపోయినా చేయి దాని మీదికి పోతుంది, కాసేపటికి మనసూ వెనకాలే వస్తుంది. ప్రేరణ లేదని మనం బాధపడే రోజుల్లో చాలావాటికి అసలు కారణం ఇంత చిన్నది కావచ్చు: పని బీరువాలో ఉంది, మనం సోఫాలో ఉన్నాం.

సగంలో ఆగిన పద్యం

బమ్మెర పోతన కథ తెలియని తెలుగు ఇల్లు లేదు. ఇప్పటి జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెర, పాత లెక్కన మన వరంగల్ జిల్లా ఊరే. పదిహేనో శతాబ్దంలో ఆయన పొలం చేసుకుంటూ ఇంట్లో కూర్చుని భాగవతం రాశాడని చెప్పుకుంటాం. గజేంద్రమోక్షం దగ్గర వైకుంఠం వర్ణన మొదలుపెట్టి, పద్యం ముందుకు సాగక, తాటాకు, గంటం అక్కడే వదిలి బయటికి పోయాడట. తిరిగొచ్చి చూస్తే పద్యం నిండి ఉంది. ఎవరు రాశారని కూతురిని అడిగితే, నువ్వే వచ్చి రాసి పోయావు కదా నాయనా అందట. భక్తులు అందులో రాముణ్ణి చూస్తారు. నాలాంటివాడికి మరో ముచ్చట కనిపిస్తుంది. పద్యం పలకనప్పుడు ఆ తండ్రి తాటాకులు మూటగట్టి అటక మీద పెట్టలేదు. విప్పి ఉంచాడు. పొలం దిక్కు నడిచాడు. ఇల్లు, వెలుతురు, నడక, విప్పి ఉంచిన ఆకు: రాసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

అసలు వెలుగే అందనిచోట కూడా రాసినవాడున్నాడు. పాత వరంగల్ జిల్లా చినగూడూరులో 1925లో పుట్టిన దాశరథి కృష్ణమాచార్యులు నిజాం జైళ్లలో ఉన్నప్పుడు, నిజామాబాదు జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశారు. కాగితం లేకపోతే గోడ, కలం లేకపోతే బొగ్గు. మన ఇంట్లో ఇవేవీ కొరత లేవు గనుక ఆయన పేరు చెప్పి ఎవరికీ సుద్దులు చెప్పబోవడం లేదు.

హనుమకొండ మాత్రం చాలాకాలం ఇంటి వసారాలనే సాహిత్య సభలుగా నడిపిన ఊరు. కాళోజీ నారాయణరావు, ఆయన అన్న, షాద్ పేరుతో ఉర్దూలో రాసిన రామేశ్వరరావు ఉన్న ఊరు. కాళోజీ తన కవితను ‘నా గొడవ’ అన్నాడు గానీ, అందులో ఊరందరి గొడవా ఉంటుంది. 1966 నవంబరులో ‘సృజన’ పత్రిక మొదలైంది ఇక్కడి నుంచే. చలికాలం మొదలయ్యే వేళకు పుట్టిన ఆ పత్రిక వెనక నలుగురు మిత్రులు ఒకచోట కూర్చోవడం ఉంది. ఒంటరిగా తోచనిది నలుగురిలో తోస్తుంది. ఈ మాట రాస్తూనే, ఇప్పుడు మన ఇళ్లలో నలుగురు కూర్చునే వసారానే తీసేసి కారుకు చోటిచ్చామని గుర్తొస్తున్నది.

నెల రోజుల కళాప్రదర్శన

వరంగల్‌లో ఏటా జరిగే అతి పెద్ద చిత్రకళా ప్రదర్శనకు టికెట్టు లేదు, హాలు లేదు, చిత్రకారుల పేర్లూ లేవు. డిసెంబరు నడుమ ధనుర్మాసం పట్టిన రోజు నుంచి సంక్రాంతి దాకా ప్రతి తెల్లవారుజామునా నేల మీద కొత్త బొమ్మ, మర్నాటికి చెరిపేసి మరో బొమ్మ. పొద్దు ఆలస్యంగా పొడిచే, మంచు ఎక్కువగా కురిసే నెలనే మన ఆడవాళ్లు ఈ పనికి ఎంచుకోవడం గమనించండి. ఇల్లు ముడుచుకుని పడుకోవాలనుకునే వేళకు ఎవరో ఒకరు లేచి దర్వాజ తీసి, వాకిలి ఊడ్చి, సాంపి చల్లి, చుక్కలు పెడతారు. వెలుగు ఇంకా రాని నేల మీద తెల్లటి గీతలు ముందే వచ్చేస్తాయి. చేయి కదిలినంతసేపూ చలి గుర్తుండదు. ముగ్గు ముగిసేసరికి ఆరుబయట తెల్లటి పగటి వెలుగు కళ్లకు తగులుతుంది. వైద్యులు చెప్పిన పొద్దుటి అరగంట వెలుగు సంగతి మన అమ్మలకు ఎవరూ చెప్పలేదు. అయినా అది వాళ్ల దినచర్యలో ఉండనే ఉంది.

ముగ్గులో చూడదగ్గది దాని లెక్క. చుక్కల ముగ్గులో ఇన్నింటికి ఇన్ని అన్న కట్టడి ఉంటుంది. మెలికల ముగ్గులో గీత ప్రతి చుక్కనూ చుట్టుకుని, ఎక్కడా తెగకుండా బయల్దేరిన చోటుకే చేరాలి. కట్టడి ఉన్నందుకే ఊహ పని చేస్తుంది. ఏదైనా గీసుకో అని తెల్ల కాగితం చేతికిస్తే మనలో చాలామందికి చేయి రాదు. పదిహేను చుక్కలు పెట్టి, వీటిని కలుపు అంటే పదేళ్ల పిల్ల కూడా ఏదో ఒక పువ్వు తేలుస్తుంది. రాయలేకపోతున్నామని చెప్పే కుర్రాళ్లకు ఇదే చిట్కా పనికొస్తుంది: ముందు చుక్కలు పెట్టుకోవాలి. ఒక పేజీ, ఒక మనిషి, ఒక వీధి. అంతకు మించి వద్దు.

అపార్టుమెంట్లలో ఇప్పుడు లిఫ్టు ముందు మూరెడు టైలు మీద చాక్‌పీసు ముగ్గు, లేకపోతే ప్లాస్టిక్ స్టిక్కర్. స్టిక్కర్ మీద నాకు గట్టి కోపముంది. అది చెరగదు. చెరగని ముగ్గు మర్నాడు పొద్దున ఎవరినీ లేపదు.

రంగు కోసం దూరం పోవలసిన పని కూడా లేదు. జనవరి దాటితే ఎనుమాములకు మిర్చి రావడం మొదలవుతుంది. అందులో చపాట మిర్చిది వేరే దర్జా. పొట్టిగా, ఉబ్బెత్తుగా, కారం తక్కువ, ఎరుపు విపరీతం. ఆ రంగు కోసమే దాన్ని కొనేవాళ్లున్నారు. 2025లో దానికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. పచ్చడికని తెచ్చి డాబా మీద ఆరబోసిన చపాట కాయలను మబ్బు వెలుగులో చూస్తే, ఏ రంగుల పెట్టెలోనూ దొరకని ఎరుపులు పదైనా కనిపిస్తాయి. బంతి, చామంతి సరేసరి. ఆ తర్వాత మాఘ ఫాల్గుణాల్లో ఏటూరునాగారం దారి పొడవునా మోదుగు పూస్తుంది. ఆ పూలను నీళ్లలో వేసి కాస్తే హోలీకి నారింజ రంగు ఇంట్లోనే తయారు.

కుర్చీ ఎక్కడ వేయాలి?

ఈ కథనం చదివి ఎవరైనా ఒక పని చేస్తామంటే, బజారుకు పోయి రంగులు, పుస్తకాలు కొనడం కన్నా ముందు ఒక ఆదివారం ఇంట్లోనే గూఢచారి పని చేయమంటాను. పొద్దున ఎనిమిదికి, పన్నెండుకు, సాయంత్రం నాలుగుకు ఇంట్లో ఎండ ఎక్కడ పడుతున్నదో నేల మీద సుద్దతో గీత గీయండి. పిల్లలకు ఇది భలే ఆట. ఎండ లేని రోజైతే సెల్‌ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్ పెట్టుకుని గది గదికీ తిరగండి. ఆ లెక్క మరీ కచ్చితం కాకపోయినా ఏ మూల కన్నా ఏ మూల నయమో చెబుతుంది. కిటికీకి ఆనుకుని ఉన్నచోటుకూ, పదడుగుల దూరంలో గోడవారకూ ఎంత తేడా ఉంటుందో చూసి ఆశ్చర్యపోతారు. మనం టీవీకి ఎదురుగా, కిటికీకి వీపు పెట్టి సోఫా వేసుకున్న చోటు చాలా ఇళ్లలో అన్నిటికన్నా చీకటి చోటు.

కుర్చీ, చిన్న బల్ల, కింద ఒక షత్రంజీ వెలుగు ఎక్కువ పడే చోటుకు జరిపాక బల్ల మీద ఏదో ఒకటి సగంలో వదిలి పెట్టండి. సగం అల్లిన ఊలు గానీ, సగం రాసిన ఉత్తరం గానీ. మూత పెట్టిన వీణ గానీ, గవిసెనలో ఉన్న తబలా గానీ ఎవరినీ పిలవదు. తీసి పెడితే దారిన పోయేవాళ్లు కూడా ఒకసారి వేలితో తట్టి పోతారు. పని మధ్యలో ఆపినప్పుడు తర్వాతి వాక్యం, తర్వాతి గీత తెలిసి ఉండగానే ఆపాలి. మర్నాడు మొదలుపెట్టడం తేలిక. ఇంట్లో పెద్దవాళ్లు సామాను సర్దకుండా వదిలేశారని విసుక్కుంటారు. ఆ విసుగుకు జవాబు నా దగ్గర లేదు, మా ఇంట్లోనూ అదే గొడవ.

వాకిట్లో చిక్కుడుకాయల రథం కట్టి, పిడకల మీద పాలు పొంగించే రథసప్తమి నాటికి ఆ సుద్ద గీతలు పనికిరాకుండా పోతాయి. ఎండ మరక అప్పటికే కిటికీ దిక్కు వెనక్కి జరగడం మొదలుపెట్టి ఉంటుంది. ఉగాదికి దక్షిణపు దర్వాజలోంచి నడి మధ్యాహ్నం రెండున్నర అడుగులకు మించి రాదు. అంటే బల్లను పది పదిహేను రోజులకు ఒకసారి కొంచెం కొంచెం జరుపుతూ పోవాలి. ఏప్రిల్ వస్తే ఎట్లాగూ అందరం కూలరు ముందుకే చేరతాం. జంపఖానా పూర్తి చేయాలన్నా, పటం పూత ఆరాలన్నా, ఆ డైరీ నాలుగో పేజీ తిరగాలన్నా ఉన్న గడువు ఈ కొద్ది నెలలే.